కళాయి గారి జలుబు

కళాయి గారికి ముప్పై ఏళ్ళుగా జలుబు. ఎండ నిప్పులు చెరుగుతున్నా మెడకు మఫ్లరు చుట్టుకునే బయటికొస్తారు. ఏ అభిమానో ఎదురుపడి "సార్, ఒక్క డైలాగు సార్!" అని బతిమాలితే, గొంతు పట్టుకుని రెండుసార్లు దగ్గి, ఇవాళ కాదన్నట్టు చెయ్యి ఊపి వెళ్ళిపోతారు. "పాపం, ఎంత గొప్ప గొంతుకి ఎంత పాడు జలుబో!" అని జనం జాలిపడతారు. ముప్పై ఏళ్ళపాటు ఒకే జలుబు ఎవరికైనా ఉంటుందా అని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. జనం మంచివాళ్ళండీ. నమ్మాలనుకున్నది నమ్ముతారు.

మర్యాదకి కళాయి గారనాలి, నిజమే. కానీ అతను చేసిన పనికి, ఈ కథ పూర్తయ్యేదాకా ఆ గారు పక్కన పెట్టి చెబుతాను. విన్నా అతనేమీ అనుకోడు. ఈమధ్య అతనే తనని తాను అంతకంటే హీనంగా తిట్టుకుంటున్నాడు.

అసలు పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. అన్ని కళలూ వచ్చినవాడు గనక కళాయి అని పేరొచ్చిందని పత్రికలవాళ్ళు రాశారు. పేరు పెట్టినవాడి ఉద్దేశం అది కాదు. "పైన తళతళ, లోపల ఇత్తడి. గిన్నెకి కళాయి పూసినట్టున్నాడు వీడు" అని నవ్వుతూ అన్నవాడు లవంగం. అతను డబ్బింగు కళాకారుడు. గొంతు పాడవకుండా ఎప్పుడూ బుగ్గన లవంగం పెట్టుకుని తిరిగేవాడు కాబట్టి అతనికా పేరు. తెరమీద కళాయి ముఖం కనిపించిన ప్రతిసారీ వినిపించింది లవంగం గొంతే. సినిమావాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. టికెట్టు కొన్నవాళ్ళకి తెలీదు.

ఆ లవంగం పోయాడు. మధ్యాహ్నం భోజనం చేసి, కాసేపు నడుం వాలుస్తానని పడక్కుర్చీలో వాలినవాడు మళ్ళీ లేవలేదు.

కొన్నాళ్ళకి అతని భార్య కళాయి ఇంటికొచ్చింది. కళాయి ఆమెని మొదటినుంచీ చెల్లెమ్మా అనే పిలుస్తాడు. ఆమెకి అతను అన్నయ్య. ముందుగదిలో అడుగు పెట్టడానికి చోటు లేదు. గోడల నిండా బొమ్మలు, అలమర నిండా మట్టి ముఖాలు, మేకులకి వేలాడుతున్న వేణువులు, కిటికీ కింద సగం చెక్కిన కర్రబొమ్మలు. రంగు డబ్బా ఒకటి పక్కకి జరిపి, ఆమె స్టూలు మీద కూర్చుంది.

"అన్నయ్యా, ఆదివారం సినీ కళాకారుల సంఘంవాళ్ళు సంతాపసభ పెడుతున్నారట. మీరు మాట్లాడతారట కదా."

"అవునమ్మా."

"నాకు మీ నుంచి ఇంకేమీ వద్దు. ఒక్క మాట చెప్పండి చాలు. తెరమీద వినపడే ఆ గొంతు మీది కాదని, మా ఆయనదని. మీ నోటితో చెప్పండి."

కళాయి నీళ్ళు నమిలాడు. "చెల్లెమ్మా, అంటే... అందరికీ తెలిసిందేగా..."

"ఎవరికి తెలుసన్నయ్యా? మా పక్కింటివాళ్ళకి తెలీదు. మా అమ్మాయి ఆఫీసులో తెలీదు. వాళ్ళ నాన్న ఏం చేసేవాడని ఎవరైనా అడిగితే, సినిమాల్లో ఏదో చేసేవారని చెప్పి ఊరుకుంటుంది. ఆయన బతికుండగా ఎన్నిసార్లు అడగబోయానో. వాడు సిగ్గుపడతాడే, ఊరుకో అనేవారు. మీకు సిగ్గయితే ఆయన నోరెందుకు మూసుకోవాలి?"

ఈ మాటకి కళాయికి తల కొట్టేసినట్టయింది. వంటింటి గుమ్మంలో నిలబడి అతని భార్య అంతా వింటోంది. ఆమె వైపు చూడలేకపోయాడు.

"చెబుతానమ్మా. తప్పకుండా చెబుతాను" అన్నాడు.

చెల్లెమ్మ వెళ్ళాక భార్య బల్ల మీద మంచినీళ్ళ గ్లాసు పెట్టి, "మీకు అరవై నాలుగు కళలూ వచ్చు. అరవై అయిదోది నోరు తెరవడం. ఆదివారం లోపు నేర్చుకోండి" అని లోపలికి పోయింది.

సిగ్గని లవంగం అన్నది అబద్ధం కాదు. కళాయికి అది ఎక్కడ పట్టుకుందో చెప్పాలి. కుర్రతనంలో అతను సినిమా హాళ్ళ ముందు నిలబెట్టే పెద్ద పెద్ద బొమ్మలు రాసేవాడు. పొడుగాటి నిచ్చెనెక్కి, హీరోయిన్ కనురెప్పకి నల్లరంగు పూస్తూ, కింద టికెట్ల కోసం నిలబడ్డవాళ్ళని నవ్వించేవాడు. మాటల్తో కాదు, ముఖంతో. ఆ ముఖం చూసే నాటకాలవాళ్ళు పట్టుకుపోయారు. వాళ్ళ తెరలన్నీ రాశాడు, కిరీటాలు చేశాడు, పాటలు కట్టాడు, వేణువు వాయించాడు. చివరికి రాజు వేషం కూడా ఇచ్చారు. ఆరడుగుల మనిషి, ఆ మీసం, ఆ నడక! అడుగు పెట్టగానే హాలంతా నిశ్శబ్దమైపోయింది. అప్పుడు నోరు తెరిచాడు.

నూనె వెయ్యని తలుపు బందులా కీచుమంది గొంతు. వెనక బెంచీల్లోంచి ఎవడో, "ఆ అమ్మాయిని లోపలికి పంపి రాజుగారిని రమ్మనండర్రా!" అని అరిచాడు. నవ్వు మొదలైంది. ఒక వరసలో ఆగితే ఇంకో వరసలో లేచింది. పక్కన నిలబడ్డ మంత్రి కూడా నవ్వాపుకోలేక వెనక్కి తిరిగాడు. రాజుగారు కిరీటం అక్కడే వదిలేసి వెనక తలుపులోంచి పారిపోయాడు.

తర్వాత సినిమాలో వేషం వస్తే వద్దన్నాడు. దర్శకుడు ఒప్పించాడు. "గొంతు వేరేవాళ్ళు చెబుతారయ్యా. నీ మాటలు గుర్తొస్తే చెప్పు, రాకపోతే ఒకటి రెండు మూడు అంటూ నోరు కదుపు. ముఖం నాకు కావాలి." మాటలు బట్టీపట్టే వెళ్ళాడు గానీ, కెమెరా ముందు నిలబడగానే ఆ పాత నవ్వు చెవుల్లో గింగురుమంది. మాటలన్నీ ఎగిరిపోయాయి. పెదవులు కదిపాడు. ఒకటి, రెండు, మూడు. అంతే, ఆ రోజునుంచీ చచ్చినా మాట చెప్పలేదు. ఎన్ని వేషాలు వేసినా, తండ్రిగా ఏడ్చినా, జడ్జిగా శిక్ష వేసినా, కళాయి చెప్పింది అంకెలే.

ఇప్పుడు లవంగం కష్టం చూడండి. పెదవులు కలిస్తే గానీ పలకని అక్షరాలు కొన్నున్నాయి. ప, బ, మ లాంటివి. చూసేవాడు దేన్నైనా క్షమిస్తాడు గానీ, తెరమీద పెదవి కలిసినచోట ఈ అక్షరాల్లో ఒకటి వినపడకపోతే ఇట్టే పట్టేస్తాడు. కళాయి మూడు దగ్గర పెదవి కలుపుతాడు, ఎనిమిది దగ్గర కలుపుతాడు, తొమ్మిది దగ్గర కలుపుతాడు, పది దగ్గర కలుపుతాడు. కథ ఏదైనా సరే, లవంగం సరిగ్గా అక్కడికి ఒక ప-నో మ-నో మోసుకురావాలి. పెళ్ళయిన కొత్తలో చెల్లెమ్మని అద్దం ముందు కూర్చోబెట్టి, చప్పుడు లేకుండా అంకెలు చెప్పించి, వెనకనుంచి మాటలు నింపుతూ సాధన చేసేవాడట. "మా ఇంట్లో సరసాలన్నీ ఎక్కాలతోనే వదినా" అని ఆమె కళాయి భార్యతో చెప్పి నవ్వేది.

కళాయికి పేరు తెచ్చిన డైలాగు కూడా అలా పుట్టిందే. సంసారాన్ని గుల్ల చేసిన అన్న వేషం. గుమ్మంలో చెల్లెలి ఎదుట నిలబడి క్షమాపణ అడగాలి. రచయిత అరపేజీ రాసిచ్చాడు. కళాయి కళ్ళనిండా నీళ్ళతో ఒక్కసారి ఒకటి రెండు మూడు అని, ఇక నోరు పెగలక నిలబడిపోయాడు. ఆ కళ్ళు చూసి దర్శకుడు అదే చాలన్నాడు. డబ్బింగు గదిలో రచయిత నెత్తి కొట్టుకున్నాడు, అరపేజీ ఇందులో ఎలా ఇముడుతుందని. లవంగం ఆ ముక్క మళ్ళీ మళ్ళీ వేయించుకు చూసి, "అంత మాట ఇక్కడ పట్టదండీ. పెదవి ఒక్కచోటే కలిసింది, చివర్న. అక్కడ తప్పు అనే మాట వేస్తే కూర్చుంటుంది" అన్నాడు. మైకు ముందుకెళ్ళి, నూతిలోంచి వచ్చినట్టు లోతుగా అన్నాడు.

"ఇందులో నాదే తప్పు."

హాళ్ళలో ఆడవాళ్ళేంటి, మగవాళ్ళు కూడా ముక్కు చీదుకున్నారు. తర్వాత ఆ మాట ఊళ్ళన్నీ తిరిగింది. ఆలస్యంగా ఇంటికొచ్చిన మొగుడు అన్నాడు, గ్లాసు పగలగొట్టిన పిల్ల అంది, పరీక్ష తప్పినవాడు అన్నాడు. అందరూ గొంతు బొంగురు చేసి, కళాయి గొంతు అనుకుంటూ అన్నారు. మఫ్లరు మొదలైంది అప్పుడే.

ఒకసారి, ఒక్కసారే, కళాయి డబ్బింగు గదికి వెళ్ళాడు. అద్దం ఇవతల చీకట్లో నిలబడ్డాడు. లోపల లవంగం అడుగుల చప్పుడు పడకుండా చెప్పులు విప్పేసి, వట్టి కాళ్ళతో మైకు ముందున్నాడు. తెరమీద కళాయి ముఖం ఏడుస్తోంది. ఇక్కడ లవంగం కూడా ఏడుస్తున్నాడు. వేళ్ళు చొక్కా అంచుని నలిపేస్తున్నాయి, మెడ నరాలు ఉబ్బాయి, బుగ్గల మీద నీళ్ళు. ఆ వేషం మొత్తం అతను మళ్ళీ మొదటినుంచీ వేస్తున్నాడు. తనేమో అంకెలు లెక్కపెట్టి ఇంటికెళ్ళి వేణువు వాయించుకున్నాడు. కళాయి తేలు కుట్టిన దొంగలా చప్పుడు చెయ్యకుండా బయటికొచ్చేశాడు. మళ్ళీ ఆ ఛాయలకి పోలేదు.

సరే, అంతవరకూ పనితీరు అనుకుందాం. అందరూ అలాగే చేస్తారనుకుందాం. కానీ రేడియో సంగతికి ఏం సమాధానం చెబుతాడు? రేడియోవాళ్ళు కళాయి ఇంటికొచ్చారు. వారం వారం వచ్చే నాటకం, మీ గొంతు కావాలని అడిగారు. ముఖంతో పనిలేని చోటు, వట్టి గొంతుకే సింహాసనం. "ఆ గొంతు పక్క వీధిలో ఉంది, వెళ్ళండి" అని ఒక్క ముక్క చెబితే లవంగం బతుకు ఇంకోలా ఉండేది. కళాయి లోపలిగదిలో కూర్చుని, భార్యచేత జలుబని చెప్పించాడు. ఆమె చెప్పింది గానీ, ఆ పూట అతనితో మాట్లాడలేదు.

లవంగానికి తెలియకుండా ఉంటుందా? మర్నాడు కనిపించి, "రేడియోవాళ్ళొచ్చారటగా?" అన్నాడు.

"జలుబని చెప్పించాను."

లవంగం బుగ్గన ఉన్నదాన్ని ఈ బుగ్గనుంచి ఆ బుగ్గకి మార్చుకున్నాడు. "మంచిపని చేశావురా కళాయీ. నువ్వెళ్తే నీ వెనక బల్లకింద నేను కూర్చోవాలి. ఈ నడుం వంగొద్దూ!" అని నవ్వాడు. కళాయి కూడా నవ్వాడు. ఆ నవ్వు గుర్తొస్తే అతనికి ఇప్పటికీ ఒళ్ళు కంపరమెత్తుతుంది.

అలా నవ్వకూడని చోట నవ్వి, చెప్పవలసిన చోట దగ్గి, ఇంతదాకా వచ్చాడు. ఆదివారం సభకి లవంగం బొమ్మ తనే రాస్తానని ఒప్పుకున్నాడు. నుదురు వచ్చింది, కళ్ళు వచ్చాయి, బుగ్గన ఆ చిన్న ఉబ్బు కూడా వచ్చింది. నోరు రాలేదు. ఎన్నిసార్లు తుడిచి రాసినా రాలేదు. అన్నేళ్ళ స్నేహంలో ఆ నోటి వైపు తిన్నగా చూసిన గుర్తు లేదు. ఆఖరికి పెదవులు బిగించి మూసేసి, పూర్తయిందనిపించాడు.

సభ సంఘం హాల్లో. వచ్చినవాళ్ళలో సినిమావాళ్ళు కొందరే, మిగతా అంతా కళాయి అభిమానులు. వరసగా ఇనప కుర్చీలు, వేదిక మీద బల్ల, మైకు, పక్కన స్టాండు మీద లవంగం బొమ్మ. చెల్లెమ్మ కూతురితో వచ్చి, మొదటి వరసలో కూర్చోబోతూ బొమ్మ ముందు ఆగింది. చాలాసేపు చూసింది. 

"బాగుందన్నయ్యా" అంది. "నోరే మా ఆయనది కాదు. ఇంట్లో ఎప్పుడూ వాగుతూనే ఉండేవారు. ఆయన నోరు మూసుకున్నది మీ దగ్గరే."

కళాయి మఫ్లరు సర్దుకున్నాడు.

సంఘం అధ్యక్షుడు మైకందుకున్నాడు. పోయినవాడి గురించి రెండు ముక్కలు చెప్పి, బొమ్మ మీదికి వెళ్ళాడు. "ఈ చిత్రం ఎవరు రాశారనుకుంటున్నారు? సాక్షాత్తూ మన కళాయి గారు! నటన, చిత్రలేఖనం, సంగీతం, శిల్పం... అన్నీ ఒక్క మనిషిలో!" చప్పట్లు. ఫోటోలు తీసేవాళ్ళు బొమ్మ పక్కన కళాయిని నిలబెట్టారు. లవంగాన్ని కాస్త పక్కకి జరిపారు కూడా, కళాయి బాగా పడాలని. సొమ్మొకడిది సోకొకడిదంటారే, అది చావులో కూడా వదల్లేదు. మెడకి మఫ్లరు బిగిసిపోతున్నట్టనిపించింది కళాయికి. వదులు చేసుకోవడానికి చెయ్యి లేవలేదు.

"ఇప్పుడు మిత్రుడి జ్ఞాపకంగా కళాయి గారు ఆ ఒక్క డైలాగు మనకి వినిపిస్తారు!" అన్నాడు అధ్యక్షుడు. ఇదెక్కడి చోద్యమో! అతనికీ నిజం తెలుసు. మైకు చేతిలో ఉంటే మనుషులు తెలిసింది మర్చిపోతారు కాబోలు. వెనక వరసలవాళ్ళు "డైలాగు! డైలాగు!" అని అందుకున్నారు.

కళాయి మైకు ముందు నిలబడ్డాడు. చెప్పాల్సింది కూర్చుకునే వచ్చాడు. "ఆ గొంతు నాది కాదు, ఇతనిది." ఎంత మాటని? కానీ ఎదురుగా అన్ని ముఖాలు, చెవుల్లో ఆ వెనక బెంచీల పాత నవ్వు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెదవులు వణికాయి, కదిలాయి. చప్పుడు రాలేదు. ఒకటి. రెండు. మూడు. మళ్ళీ ఒకటి, రెండు, మూడు.

హాలంతా ఊపిరి బిగబట్టింది. "పాపం, దుఃఖంతో గొంతు పూడుకుపోయింది" అని ఎవరో అన్నారు. చప్పట్లు మొదలయ్యాయి. నిలబడి కొట్టారు. కళాయి వచ్చి చెల్లెమ్మ పక్క కుర్చీలో కూలబడ్డాడు.

ఆమె తల తిప్పకుండా మెల్లిగా అడిగింది. "ఒకటి రెండు మూడేగా అన్నయ్యా?"

పెదవులు చదవడం ఆమెకి కొత్తా! కళాయి తల వంచుకుని అవునన్నట్టు ఊపాడు.

"నింపడానికి ఆయన లేరుగా మరి" అంది.

తిట్టినా బాగుండేది. నలుగురిలో లేచి చెంప పగలగొట్టినా బాగుండేది. సిగ్గుతో చితికిపోవడం అంటే ఏమిటో రాజు వేషం రోజే తెలిసిందనుకున్నాడు కళాయి. అది సిగ్గు కాదు, వట్టి ఉక్రోషం. సిగ్గంటే ఇది. అక్కడ కూర్చోలేక లేచాడు. అధ్యక్షుడు ముగింపు మాటలు మొదలుపెడుతుంటే, వెళ్ళి మైకు పట్టుకున్నాడు. మఫ్లరు తీసి బల్లమీద పడేశాడు.

"ఇందులో నాదే తప్పు" అన్నాడు.

కీచుమంది. మైకులో ఇంకా కీచుమంది. ముందు ఎవరో కుర్రాడి నవ్వు, తర్వాత ఒక వరస, తర్వాత హాలు. వెనకనుంచి "సార్, మిమిక్రీ కూడా వచ్చా!" అని కేక. అధ్యక్షుడు కంగారుగా చెవి దగ్గరికొచ్చి, "జలుబా సార్?" అన్నాడు.

"జలుబు కాదు. నా గొంతే ఇంత" అన్నాడు కళాయి, మైకులోనే. మళ్ళీ నవ్వు. ఈసారి వెనక తలుపు వైపు చూశాడు గానీ, కదల్లేదు.  బల్ల అంచు పట్టుకుని, నవ్వు తగ్గేదాకా నిలబడ్డాడు.

"మీరు విన్న గొంతు ఇదిగో, ఇతనిది. అన్ని సినిమాల్లోనూ ఇతనిదే. నేను చెప్పింది వట్టి అంకెలు. ఆ డైలాగు కూడా ఇతను పుట్టించిందే. రేడియోవాళ్ళు ఇతని కోసమే వచ్చారు, అడ్రసు మాత్రం నాదనుకున్నారు. నేను చెప్పలేదు."

కొందరు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. కొందరు నవ్వాపి పక్కవాళ్ళ ముఖాలు చూసుకున్నారు. చప్పట్లు మాత్రం ఎవరూ కొట్టలేదు. మొదటి వరసలో లవంగం కూతురు రెండు చేతుల్లో ముఖం దాచుకుంది.

సభ అయ్యాక చెల్లెమ్మ మెట్లమీద కళాయి కోసం ఆగింది. అతను దగ్గరికొచ్చేదాకా అతని వైపే చూసింది. ఆ ముఖంలో ఉన్నది కోపమో ఏడుపో అతనికి తెలీలేదు.

"చెప్పారు అన్నయ్యా. సంతోషం" అంది. "ఇంతేనా? ఇంత చిన్న మాటా? దీనికోసం ఆయన పోవాల్సొచ్చిందా?"

కళాయి నోరు తెరిచాడు. ఏమీ రాలేదు, అంకెలు కూడా రాలేదు. అలవాటుగా చెయ్యి మెడ దగ్గరికి పోయింది. మఫ్లరు లోపల బల్లమీదే ఉండిపోయింది.